ఉడికిన వైర్లు

బండిని లారీ మీద కట్టి తెచ్చారు. లారీ వెనక అదే రకం నల్ల బండి మరొకటి, దాని వెనక ఒక జీపు. మూడూ షెడ్డు ముందు ఆగేసరికి ఎదురుగా టైర్ల కొట్టువాడు షట్టరు దించేశాడు. పక్క షెడ్డులో రేకుల పనివాడు వెల్డింగు ఆపి, మొహం మీది ముసుగు తియ్యకుండానే వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. మామూలు గొడవైతే ఇద్దరూ పని మానుకుని వచ్చి చూసేవాళ్ళే.

షెడ్డులో భార్యాభర్తలు ఇద్దరే ఉన్నారు. అతను ఇంజను మేస్త్రీ. ఆమె వైర్ల పని చేస్తుంది. వీధి మొత్తం ఆమెను వైర్లక్క అని పిలుస్తుంది. పని తండ్రి దగ్గర నేర్చుకుంది. తండ్రి పోయాక తమ్ముణ్ణి కూడా ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టాలని చూసింది. వాడికి వైర్లంటే చిరాకు, స్టీరింగంటే పిచ్చి. పోయి పోయి పెద్దన్న దగ్గర డ్రైవరుగా చేరాడు.

పెద్దన్న అంటే ఊళ్ళో లారీలు ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో చెప్పే మనిషి. అతని తోడబుట్టినవాడు చిన్నన్న. వాళ్ళకు గిట్టనివాళ్ళు ఊరికి అవతలి వైపు ఉన్నారు. ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు చావడం ఊరికి కొత్త కాదు.

"మీ తమ్ముడు కారు తోలడం లేదే, పులి మీద ఎక్కి కూచున్నాడు. దిగాలంటే పులి ఒప్పుకోవాలి," అనేవాడు మేస్త్రీ, బావమరిది ఎదురుగానే.

"స్కూటరు కూడా తిన్నగా తోలలేనివాడివి, నీకెందుకు బావా పులి సంగతి?" అనేవాడు వాడు.

ముందురోజు సాయంత్రం వంతెన మీద చిన్నన్నను నరికి చంపారు. ఆ కబురు ఊరంతా తిరిగింది. అతని బండి తోలుతున్న వైర్లక్క తమ్ముడి సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. వాడి ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. వైర్లక్క పొద్దున్నించీ ఒకే వైరును పట్టుకుని కూర్చుంది. చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం.

జీపులోంచి తమ్ముణ్ణి కాళ్ళు పట్టి లాగారు. నేల మీద పడ్డాడు. పై పెదవి రెండుగా చీలింది. ఒక కన్ను మూసుకుపోయింది. ఎడమ భుజానికి చుట్టిన తువ్వాలు రక్తంతో అట్టకట్టింది. భుజం మీదిది వంతెన మీద పడ్డ కత్తి దెబ్బ. మిగతావన్నీ ఆ తర్వాత పెద్దన్న మనుషులు కొట్టినవి.

ఆమె పరుగెత్తబోయింది. మేస్త్రీ ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు.

"నేను కొయ్యలేదక్కా," అన్నాడు తమ్ముడు.

పెద్దన్న మనుషుల్లో సుత్తి అనేవాడు వాడి డొక్కలో తన్నాడు. సుత్తి అన్నది ఆ మనిషికి చేతిలోని పనిముట్టును బట్టి వచ్చిన పేరు. కబుర్లతో ప్రాణం తీసేవాణ్ణి సుత్తి అనడం వాడుక. ఇతను కబుర్ల జోలికి వెళ్ళడు. పొద్దుగూకేలోపు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ.

పెద్దన్న నల్ల బండి దిగాడు. ఆ బండి ఇంజను ఆపలేదు. చొక్కా మార్చుకోలేదు. చేతుల మీద మోచేతుల దాకా ఎండిన రక్తం ఉంది. చిన్నన్నను ఎత్తుకున్నప్పటిది అయ్యుంటుంది.

"వైర్లు చూసేది నువ్వేగా?"

"నేనేనండి."

"వంతెన నడిమధ్యలో బండి ఆగిపోయింది. వెనకాలే వాళ్ళు. సరిగ్గా అక్కడే ఎందుకాగింది? ఎవడో వైరు కోశాడు. బండి పొద్దస్తమానం ఉండేది వీడి చేతిలో. మావాడు సీట్లోనే ముక్కలయ్యాడు. వీడు భుజం మీద గీతతో బయటపడ్డాడు. బానెట్ ఎత్తు. కోసిన వైరు తీసి నా చేతిలో పెట్టు."

"కోసి ఉండకపోతే?"

"వీడి అక్కవి కాబట్టి అదే అంటావు. తెలిసే తెచ్చా నీ దగ్గరికి. కంపెనీవాడైతే కంప్యూటర్ పెట్టి ఏదో వాగుతాడు, వాడి మొహంలో నాకేం కనపడి చస్తుంది? నువ్వు అబద్ధం చెబితే నీ మొహమే చెప్పేస్తుంది."

సుత్తి తమ్ముణ్ణి జుట్టు పట్టి లేపి మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. సుత్తిని వాడి నడినెత్తిన ఆనించి పట్టుకున్నాడు.

"కోసి ఉంటే, ఇక్కడే," అన్నాడు పెద్దన్న.

లారీ మీంచి బండిని దించారు. వెనక అద్దాలు లేవు. తలుపు మీద కత్తులు దిగిన చోట రేకు లోపలికి వంగింది. వెనక సీటు మీద ఎవరో దుప్పటి కప్పారు. దుప్పటి కిందనుంచి కారింది ఎండి బండి తలుపు అంచు మీద నల్లగా పేరుకుంది. ఈగలు ముసురుతున్నాయి. ఆమె ముందువైపు నుంచి వెళ్ళి బానెట్ ఎత్తింది. మేస్త్రీ స్పానర్ తీసుకుని ఇంజను మీది మూత విప్పాడు.

ఈ రకం ఇంజనులో సిలిండర్లు రెండు వరసలుగా, తెరిచిన పుస్తకంలా పక్కలకు వాలి ఉంటాయి. పొగతో తిరుగుతూ ఇంజనులోకి గాలి నెట్టే టర్బో మామూలు బండిలో ఇంజనుకు పక్కన ఉంటుంది. దీనిలో రెండు టర్బోలనూ ఆ వరసల మధ్య గుంటలో పెట్టారు. సిలిండర్ల నుంచి వచ్చే పొగంతా ముందు అక్కడికే వస్తుంది. పొగతోపాటు వేడి. ఇనుము ఎర్రబడేంత వేడి. వైర్ల కట్ట ఆ గుంట పైనుంచే పోతుంది. బండి పరుగెత్తుతుంటే ఎదురుగాలి ఆ వేడిని ఎప్పటికప్పుడు తోసేస్తుంది. బండిని నిలబెట్టి ఇంజను నడిపితే వేడికి పోయే దారి లేదు. పొయ్యి మీద మూతపెట్టిన కుండే.

మూత తీయగానే ఆమెకు టేపు కనిపించింది. నల్ల గుడ్డ టేపు. ఒక్కో చుట్టూ ముందు చుట్టును సగం కప్పుతూ, కొస లోపలికి దోపి. అది ఆమె చేతి చుట్టు. వీధిలో మరెవరూ కొస అలా దోపరు.

మొన్న ఎండాకాలం ఈ బండి ఏసీ సరిగా రావడం లేదని షెడ్డుకు వచ్చింది. ఆమె చూసేది ఏసీ అయినా చెయ్యి వైర్ల మీద పడింది. వంచితే వంగాల్సిన వైరు పుల్లలా ఉంది. తొడుగు మీద పగుళ్ళు. కట్ట మొత్తం మార్చాలి, కొత్తది తెప్పించేదాకా బండి ఇక్కడే వదలాలి అని చెప్పింది.

"అప్పటిదాకా నన్ను నడిచి తిరగమంటావా?" అన్నాడు పెద్దన్న. చిన్నన్న పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు. "ఈ టీ అయ్యేలోపు ఏం చేస్తావో చెయ్యి."

ఇంజను దగ్గర వేడిని తిప్పికొట్టే వెండిరంగు తొడుగు వెయ్యాలి. ఆ రోజు అది ఆమె దగ్గర లేదు. డాష్‌బోర్డు లోపల వాడే గుడ్డ టేపు ఉంది. చుట్టేసింది. పగుళ్ళు కనపడకుండా పోయాయి. కనపడనిది లేదనుకోవడం ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ ఒకసారి కాకపోతే ఒకసారి చేసే తప్పు.

బండి వెళ్ళబోతుంటే ఆమె తమ్ముణ్ణి అడిగింది, వైర్లు ఇంతలా ఎందుకు మాడుతున్నాయని.

"ఇంజను ఆపకూడదక్కా. అదీ రూలు," అన్నాడు వాడు. ఒకసారి కోర్టు మెట్ల దగ్గర పెద్దన్న మీదికి కత్తులతో వచ్చారు. బండి స్టార్టయ్యేలోపు డ్రైవరు పోయాడు. ఆనాటి నుంచి పెద్దన్న రెండు బండ్లకూ ఒకటే కట్టడి. పొద్దున బటన్ నొక్కితే ఇంటికి చేరి గేటు వేశాకే ఆపడం. అన్నదమ్ములు ఎక్కడ ఎంతసేపు కూర్చున్నా బయట బండి గురగురమంటూనే ఉండాలి.

ఇప్పుడు ఆమె ఆ టేపును బ్లేడుతో నిలువునా చీల్చింది. టేపుతోపాటు వైర్ల తొడుగు పొట్టులా ఊడి వచ్చింది. లోపల రాగి బయటపడింది. ఇంధనం చిమ్మే గొట్టాలకు పోయే వైర్లు ఒకదానికొకటి అంటుకుని కరిగి ఉన్నాయి. ఒకటి తెగింది. వంతెన మీద ఏం జరిగిందో ఆమెకు అర్థమైంది. రాగికి రాగి తగిలింది, కంప్యూటరు ఇంజనును ఆపేసింది. తమ్ముడు బటన్ నొక్కుతూ కూర్చుని ఉంటాడు.

"దొరికిందా?" అన్నాడు పెద్దన్న.

ఆమె తెగిన వైరును కొంత మేర కత్తిరించి తెచ్చి బల్ల మీద పెట్టింది. పక్కన కొత్త వైరు పెట్టి ప్లయరుతో తుంచింది.

"ఇది కోసిన వైరండి. చూడండి, కొస మెరుస్తోంది, నొక్కుకుపోయింది. ఇది మీ బండిలోది. నల్లబడింది. పోగులు ఒక్కోటీ ఒక్కోచోట తెగాయి." తొడుగును వేళ్ళ మధ్య నలిపింది. పొడైపోయింది. "ఎవరూ కొయ్యలేదు. ఉడికింది."

జీపు మనుషుల్లో ఒకడు నవ్వాడు. "వైరు ఉడకడమేంట్రా, అన్నమా?"

సుత్తి తమ్ముడి భుజం మీద, తువ్వాలు కట్టిన చోట, చెప్పుకాలు పెట్టి తొక్కాడు. తువ్వాలు మళ్ళీ తడిసింది. వాడు అరవబోయి పెదవి చీలికను కొరుక్కున్నాడు.

"ఉడికిందంటే ఉడికిందే బాబూ!" మేస్త్రీ ముందుకు వచ్చాడు. గొంతు కీచుగా పోయింది. "మా ఆవిడ కూరలో ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయిందని అబద్ధమాడుతుందేమో గానీ, వైర్ల దగ్గర ఆడదు."

సుత్తి వెనక్కి కూడా తిరగకుండా మోచేత్తో అతని ముక్కు మీద కొట్టాడు. మేస్త్రీ టూల్సు పెట్టె మీద పడ్డాడు. ముక్కులోంచి రక్తం చొక్కా మీదికి కారింది. లేచి నిలబడ్డాడు. చేతిలో స్పానర్ వదల్లేదు, ఎత్తనూ లేదు.

"అంత పెద్ద కంపెనీ బండిలో వైర్లు ఉడుకుతాయా?" అన్నాడు పెద్దన్న. "తమ్ముడి కోసం కథ బాగానే అల్లావు." సుత్తి వైపు చూశాడు. సుత్తి చెయ్యి పైకి లేచింది.

"మీరు వచ్చిన బండి బానెట్ ఎత్తండి!" అంది ఆమె. గట్టిగా అరిచింది. "అదీ ఇలాగే ఉడికి ఉంటుంది. ఉడక్కపోతే మమ్మల్ని ముగ్గుర్నీ కొట్టి చంపండి. ఈ బండిలో వైరు నా తమ్ముడు కోశాడనుకోండి. ఆ బండి తోలేది వాడు కాదుగా?"

సుత్తి చెయ్యి గాల్లోనే ఆగింది. పెద్దన్న తలాడించాడు.

రెండో బండి బానెట్ ఎత్తారు. ఇంజను నడుస్తూనే ఉంది. మూత తియ్యగానే వేడి మొహానికి కొట్టింది. మేస్త్రీ తల పక్కకు తిప్పుకున్నాడు. ఆమె కళ్ళు చిట్లించుకుని, పొడుగు స్క్రూడ్రైవర్ కొసను వైర్ల కట్ట కిందికి పోనిచ్చి, కొద్దిగా ఎత్తింది. అంతే. తొడుగు టపటపా విరిగి టర్బో మీద పడింది. పడినచోట పొగ లేచింది. రెండు వైర్ల మధ్య నిప్పురవ్వ ఎగిరింది. ఇంజను ఒకసారి దగ్గి, ఆగిపోయింది.

పొద్దున్నించీ ఆగని శబ్దం ఆగింది. జీపు మనుషులు ఒక్కసారిగా పెద్దన్న చుట్టూ చేరారు. ఒకడు కత్తి దూశాడు. ఇంకొకడు గేటు వైపు పరుగెత్తి వీధిని అటూ ఇటూ చూశాడు. వీధిలో ఎవరూ లేరు. మూసిన షట్టర్లు ఉన్నాయి. కత్తి దూసినవాడికి దాన్ని ఎవరి వైపు పట్టాలో తెలియలేదు. నవ్వినవాడు కూడా ఇప్పుడు నవ్వడం లేదు.

పెద్దన్న బానెట్ దగ్గరికి వచ్చాడు. టర్బో మీద కాలుతున్న ముక్కను చూశాడు.

"నిలబెట్టి ఇంజను నడిపితే ఇంతేనండి," అంది ఆమె. "పరుగెత్తే బండికి ఇంత తొందరగా రాదు. మీ రెండు బండ్లూ పరుగెత్తింది తక్కువ, నిలబడింది ఎక్కువ."

"నిలబెట్టమంది నేను."

ఆమె స్క్రూడ్రైవర్‌ను వైర్ల కిందనుంచి తీసేసింది.

"వేడెక్కుతోందని తోలేవాడికి తెలియదా?" అతని గొంతు పెరిగింది. "తెలియదా? నాకు చెప్పాలా వద్దా? చెప్పి ఉంటే మావాడు బతికుండేవాడుగా!"

వెళ్ళి తమ్ముణ్ణి మెడ పట్టి లాక్కొచ్చాడు. వాడి కుడిచేతిని పట్టుకుని బానెట్ లోపలికి, టర్బో మీదికి అదిమాడు. చర్మం చుయ్యిమంది. తమ్ముడి అరుపు రేకుల కప్పుకు తగిలి తిరిగి వచ్చింది. వైర్లక్క పెద్దన్న నడుము పట్టుకుని వెనక్కి లాగింది. సుత్తి ఆమెను జుట్టు పట్టి నేల మీదికి విసిరాడు. లేచి మళ్ళీ వచ్చింది, పెద్దన్న మోచేతిని పళ్ళతో పట్టుకుంది. ఎండిన రక్తం నోట్లోకి వచ్చింది. సుత్తి ఆమె వీపు మీద కొట్టాడు. వదల్లేదు.

"చెప్పాను!" అని అరిచాడు తమ్ముడు. "చెప్పానన్నా! వేడెక్కుతోంది, కాసేపు ఆపుతానని మీతోనే చెప్పాను! నన్ను లెంపకాయ కొట్టారు! చిన్నన్న పక్కనే ఉన్నాడు. 'ఆపనివ్వరాదూ అన్నయ్యా, ఎవడొస్తాడిప్పుడు' అన్నాడు. ఆయన్నీ తిట్టారు మీరు!"

పెద్దన్న చెయ్యి వదిలేశాడు. తమ్ముడు బంపరు మీదుగా జారి కింద పడ్డాడు. అరచేతి చర్మం కొంత టర్బో మీదే ఉండిపోయింది. అక్కడ వాసన మొదలైంది. జీపు మనుషుల్లో ఒకడు గోడ పక్కకు వెళ్ళి వాంతి చేసుకున్నాడు.

మిగతావాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. విన్నది వినలేదనడానికి లేదు, విన్నామనడానికీ లేదు.

పెద్దన్న సుత్తి చేతిలోంచి సుత్తి లాక్కున్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు రెండో బండి మీద పడ్డాడు. ముందు అద్దం, దీపాలు, బానెట్, తలుపు. కొట్టిన చోటే మళ్ళీ కొట్టాడు. అద్దం పెంకు నుదుటి మీద గీరి రక్తం కంట్లోకి దిగింది. తుడుచుకోలేదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టి, బల్లకు ఆనుకుని నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. అప్పుడు బల్ల మీద పడి ఉన్న టేపు ముక్క అతని కంటపడింది. వేలితో ఎత్తాడు. లోపలి వైపు తొడుగు పొట్టు అంటుకుని ఉంది.

"ఇది కంపెనీ వేసిందా?"

టేపును వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"రెండో బండిలో ఇది లేదు. దీన్లో ఉంది. ఎవరు చుట్టారు?"

అతని గొంతులో ఇప్పుడు కోపం లేదు. నీళ్ళలో మునిగేవాడికి తాడు కొస దొరికినట్టుంది. వైర్లక్క నోరు తెరిచింది.

"నేనేనండి," అన్నాడు మేస్త్రీ.

"కాదు, నేను," అంది ఆమె. "నా పని అది. నేనే చుట్టాను."

"దాని మొహం! సోల్డరింగ్ తప్ప దానికేం వచ్చు? టేపు చుట్టమంటే ఉండ చుడుతుంది." మేస్త్రీ ఆమె వైపు చూడలేదు. ముక్కు రక్తం పెదాల మీదికి వస్తుంటే నాలుకతో పక్కకు తోసుకుంటూ మాట్లాడాడు. "ఆ రోజు మీకు తొందరన్నారు. వెండి తొడుగు లేదు, ఉన్న టేపు చుట్టి పంపాను. వెయ్యకూడని టేపది. నాదే తప్పు."

పెద్దన్న అతన్ని కిందినుంచి పైకి చూశాడు. ఆమెనూ చూశాడు. ఎవరు నిజం చెబుతున్నారో అతనికి తెలిసినట్టే ఉంది. తెలియడం అతనికి అక్కర్లేదు.

"ఏ చేత్తో?"

మేస్త్రీ ఎడమ చెయ్యి చాపాడు.

"అది కాదు. స్పానర్ ఉన్న చెయ్యి."

మూత విప్పినప్పటినుంచీ ఆ స్పానర్ అతని కుడిచేతిలోనే ఉంది. తన్నులు తిన్నా వదల్లేదు. అతను దాన్ని చూసుకున్నాడు. వేళ్ళు విప్పాడు. స్పానర్ కింద పడింది.

ఇద్దరు అతని చేతిని తెచ్చి, బల్ల మీద ముక్కల్ని బిగించి పట్టే ఇనుప వైసుకు ఆనించారు. వైర్లక్క "నేను చుట్టానంటుంటే!" అని అరుస్తోంది. ఒకడు ఆమెను వెనకనుంచి రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. ఆమె తలతో వెనక్కి కొట్టింది. వాడి పన్ను విరిగింది, పట్టు సడలలేదు.

పెద్దన్న సుత్తిని దాని మనిషికి తిరిగి ఇవ్వలేదు. తనే కొట్టాడు. మొదటి దెబ్బకు మేస్త్రీ నోట్లోంచి గాలి మాత్రం వచ్చింది. రెండో దెబ్బకు అరిచాడు. ఆ తర్వాత మోకాళ్ళు వంగిపోయి, చెయ్యి మాత్రం బల్ల మీద, మనిషి కింద. చూపుడు వేలు ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది.

పెద్దన్న సుత్తిని బల్ల మీద పెట్టాడు. తన మనుషుల వైపు తిరిగాడు.

"విన్నారుగా. మేస్త్రీ తప్పు టేపు చుట్టాడు. బండి ఆగింది. ఇంతకుమించి మీరెవరూ ఏమీ వినలేదు. ఇంటికెళ్ళి మా అమ్మకి నేను ఇదే చెబుతా." బంపరు పక్కన పడి ఉన్న డ్రైవరు దగ్గర ఆగాడు. "నువ్వు బతికావు పో. నీ నోరు మాట్లాడిన రోజు నువ్వుండవు."

రెండు బండ్లూ షెడ్డు ముందే వదిలి, అందరూ జీపులోనూ లారీలోనూ ఎక్కి పోయారు. పట్టనివాళ్ళు నడిచారు. ఎదురుకొట్టు షట్టరు ఒక జానెడు లేచి, మళ్ళీ దిగింది.

ఆసుపత్రిలో మేస్త్రీ చేతిలో మేకులు వేశారు. బొటనవేలు, చిటికెనవేలు కదులుతాయన్నారు. మిగతావాటి గురించి డాక్టరు ఏమీ అనలేదు. తమ్ముడి అరచేతికి తొడ మీది చర్మం తీసి వేశారు. ఇద్దరినీ పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టారు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే విన్నాను గానీ, చెయ్యి కాలినవాణ్ణి పక్కన పెట్టుకుని పడుకోవడం ఇదే మొదలు," అన్నాడు మేస్త్రీ, మత్తు దిగుతుండగా.

"ఇద్దరికీ కలిపి రెండు చేతులు మిగిలాయి బావా. రెండూ ఎడమవే."

"అయితే నువ్వింక స్టీరింగ్ పట్టవు, నేనింక స్పానర్ పట్టను. మీ అక్క మనిద్దరికీ అన్నం పెడుతుంది. ఆ ఉప్పుకి చచ్చిపోతాం, పెద్దన్న దాకా అక్కర్లేదు."

తమ్ముడు నవ్వబోయి పెదవి కుట్లు లాగి ఆపుకున్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి ఏడ్చాడు. వైర్లక్క రెండు మంచాల మధ్య స్టూలు మీద కూర్చుంది. టేపు ఎందుకు తన మీద వేసుకున్నావని భర్తను అడగాలనుకుంది. అడగలేదు. అడిగితే మళ్ళీ ఏదో జోకు వేస్తాడు. వింటూ తట్టుకోగలనన్న నమ్మకం ఆమెకు లేదు.

ఇంటికి వచ్చిన తర్వాతి వారం ఒక పొద్దున షెడ్డు తెరిచే ఉంది. పని లేదు. మేస్త్రీ కట్టుతో ఉన్న చేతిని మెడలోంచి వేలాడదీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. తమ్ముడు లోపల ఇత్తడి ముక్కలూ రాగి ముక్కలూ ఎడమచేత్తో వేరుచేస్తున్నాడు. బయట ఒక బండి ఆగింది. కొత్తది. ఇంజను ఆపలేదు. ముందు సీట్లో సుత్తి. వెనక అద్దంలోంచి పెద్దన్న మొహం సగం కనిపించింది. వెనక తలుపు తెరుచుకుని ఒక ముసలావిడ దిగింది. ఒంటరిగా లోపలికి వచ్చింది.

"ఇద్దర్లో మేస్త్రీ ఎవరు?"

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. "నేనేనమ్మా."

"నా చిన్నకొడుకు బండికి టేపు చుట్టింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

ఆవిడ అతని చెంప మీద కొట్టింది. వయసు మీద పడ్డ చెయ్యి, దెబ్బకు బలం లేదు. మళ్ళీ కొట్టింది. అతను తల వంచి, ఆవిడకు అందేలా నిలబడ్డాడు. కట్టు కట్టిన చెయ్యి బల్లకు తగలకుండా రెండో చేత్తో అదిమి పట్టుకున్నాడు.

"టేపు ముక్క చుట్టావట్రా? నా బిడ్డ ప్రాణానికి టేపు ముక్క చుట్టావా? వాడి మొహం నాకు చూపించలేదురా. చూపించడానికి మొహం లేదన్నారు. నీ చెయ్యి విరిగితే సరిపోతుందా? పెద్దవాడు నీ ప్రాణం ఎందుకు తియ్యలేదు? నువ్వెందుకున్నావు ఇంకా?"

"కొట్టండమ్మా," అన్నాడు మేస్త్రీ.

లోపల తమ్ముడు లేచాడు. వాడి మొహం చూసి వైర్లక్కకు తెలిసిపోయింది. "అమ్మా, బావ కాదు, మీ పెద్ద..." అంటూ ఒక అడుగు వేశాడు. ఆమె అడ్డం పడి వాణ్ణి గోడకు నెట్టింది. అరచెయ్యి వాడి నోటికి అడ్డం పెట్టి అదిమింది. వాడు కాలని చేత్తో ఆమె మణికట్టు లాగాడు. తల అటూ ఇటూ తిప్పాడు. ఆమె మోచెయ్యి వాడి ఛాతీ మీద ఆనించి, ఒంటి బరువంతా వేసింది.

బయట ముసలావిడ ఇంకా కొడుతోంది. దెబ్బ దెబ్బకూ మధ్య ఆయాసం వినిపిస్తోంది. ఒకసారి ఆవిడ చెయ్యి కట్టుకు తగిలింది. మేస్త్రీ మూలిగాడు.

ఆ మూలుగు విని తమ్ముడు ఆమె అరచేతిని కొరికాడు. పళ్ళు కండలో దిగాయి. రక్తం వాడి గడ్డం మీదుగా, ఆమె మోచేతి దాకా కారింది. వాడు ఏడుస్తూ ఇంకా గట్టిగా కొరికాడు. ఆమె వాడి చెవిలో, "నోర్ముయ్యి నాన్నా, నోర్ముయ్యి," అంటూనే ఉంది.

ముసలావిడ అలసిపోయి, మేస్త్రీ కుర్చీ పట్టుకుని కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది. కారు తలుపు పడింది. బండి వీధి మలుపు తిరిగి, శబ్దం పూర్తిగా పోయేదాకా వైర్లక్క చెయ్యి తియ్యలేదు.